ముత్యం చెవుల పరీక్ష

ముత్యాన్ని స్ట్రెచర్ మీద బొగ్గు బాయిలోంచి పైకి తెచ్చినప్పుడు అతని పెండ్లాం బాలవ్వ ముందుగా చూసుకున్నది అతని కాళ్ళూ చేతులే. అన్నీ ఉన్నాయి. కనిపించని దేవుళ్ళందరికీ మొక్కింది. చెవుల్లోంచి కారిన రక్తాన్ని కొంగుతో తుడిచిందే గానీ, ఆ చెవుల గురించి అప్పుడామెకు తట్టలేదు.

బొగ్గు పగలగొట్టడానికి పెట్టిన మందు, మనుషులు పక్కకు తప్పుకోకముందే పేలింది. ఒంటి గాయాలు మానాయి. వినికిడి మాత్రం రాలేదు. బాయి దవాఖాన డాక్టరు కొన్నాళ్ళు చెవుల్లో చుక్కలు వేయించి, ఇక ఫరవాలేదు, పనిలోకి దిగవచ్చు అని రాసిచ్చాడు.

ఆ మాట వినగానే బాలవ్వకు అన్నం సహించలేదు. బాయిలో మనిషికి చెవులే కాపలా. పైకప్పు కూలే ముందు కింద నిలబెట్టిన కర్రలు చిటచిటమంటాయి. విన్నవాడు ఉరుకుతాడు, విననివాడు అక్కడే ఉండిపోతాడు. వెనక నుంచి పట్టాల మీద బొగ్గు టబ్బులు దొర్లుకొస్తుంటే ఎవరో ఒకరు కేక వేస్తారు. ఆ కేక ముత్యానికి చేరేదెట్లా?

యూనియన్‌లో తిరిగే లింగమూర్తి నష్టపరిహారం కేసు వేయించాడు. కేసు చూసే అధికారి సర్కారు డాక్టరు పరీక్ష చేసి చెప్పాలన్నాడు. కరీంనగర్‌కు రమ్మని కబురొచ్చింది.

ఈలోగా కార్మికుల ఇళ్ళ లైన్లలో మాటలు పుట్టాయి. నల్లా దగ్గర పక్కింటి శంకరవ్వ బిందె దించుతూ, "అందరు అంటున్నరే బాలవ్వా, ముత్యానికి అన్ని ఇనబడుతయట, పైసల కోసమే చెవిటోని లెక్క చేస్తుండట" అంది. బాలవ్వ ఆమెతో తగువు పెట్టుకుని ఇంటికొచ్చింది గానీ, ఆ మాట కడుపులో ముల్లులా ఉండిపోయింది. ఆ సాయంత్రం ముత్యం గడపలో కూర్చుని బీడీ ముట్టించుకుంటున్నాడు. బాలవ్వ వెనకగా వెళ్ళి, "తేలు! నీ కాలు కాడ తేలు!" అని అరిచింది. అతను కదలలేదు. పొగ వదిలి వీధిలోకి చూస్తూనే ఉన్నాడు. బాలవ్వ లోపలికి పోయి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. మొగుణ్ణి అనుమానించినందుకు ఎక్కువ ఏడ్చిందో, అతనికి నిజంగానే వినబడనందుకు ఎక్కువ ఏడ్చిందో ఆమెకే తెలియదు.

లింగమూర్తితో కలిసి ముగ్గురూ రైల్లో గోదావరి దాటి, పెద్దపల్లిలో దిగి బస్సెక్కారు. సుల్తానాబాద్ పక్కనే బాలవ్వ పుట్టిన ఊరు. తెలిసినవాళ్ళు ఎక్కుతారేమోనని తల వంచుకు కూర్చుంది. ముత్యం తన గొంతు తనకు వినబడక, "డాక్టరు మంచోడేనా?" అని బస్సంతా తిరిగి చూసేలా అడిగాడు. బాలవ్వ అతని చేతి మీద చెయ్యి వేసి తలూపింది.

డాక్టరు నెరిసిన జుట్టు మనిషి. చెవుల్లోకి దీపం వేసి చూశాడు, ఇనుప కడ్డీ మోగించి ఒక్కో చెవి దగ్గర పెట్టాడు. ముత్యం తల అడ్డంగా ఊపాడు. డాక్టరు ముఖంలో ఏమీ తెలియడం లేదు. ఇలాంటి వాళ్ళను ఎందరిని చూశాడో, అందులో అబద్ధాలాడినవాళ్ళు ఎందరో!

ముత్యాన్ని స్టూలు మీద కూర్చోబెట్టారు. ఎదురుగా తలుపు దగ్గర బాలవ్వ నిలబడింది. డాక్టరు మందుల పళ్ళెం తీసుకుని చప్పుడు చెయ్యకుండా ముత్యం వెనక్కి వెళ్ళి, గచ్చు మీద వదిలేశాడు. గది దద్దరిల్లింది. బాలవ్వ ఉలిక్కిపడింది. మరుక్షణం ముత్యం గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"ఇనబడింది గదా," అన్నాడు డాక్టరు. బల్ల దగ్గరికి వచ్చి కలం తీశాడు.

లింగమూర్తి ముఖం పాలిపోయింది. ముత్యం ఒకసారి డాక్టరునూ, ఒకసారి ఆమెనూ చూస్తూ, "ఏమైంది? ఏమంటుండు సారు?" అని గట్టిగా అరుస్తున్నాడు.

"ఇని మళ్ళలే సారూ," అంది బాలవ్వ. "నేను బెదిరిన. నా మొఖం జూసి, ఎనుక ఏమో అయిందని మళ్ళిండు."

"మొగని కోసం పెండ్లాం చెప్పే మాట నేనెట్ల నమ్మాలె?"

"నమ్మకు సారూ. నన్ను బయటికి తోలి మల్లొకపారి జూడు. అప్పుడు గూడ మళ్ళితే నీ ఇష్టమున్నట్టు రాయి. ఇనబడుతదని నువ్వు రాస్తే మల్ల బాయిల దింపుతరు. చెవుల్లేని మనిషి బాయిల బతుకడు."

డాక్టరు కలం బల్ల మీద పెట్టాడు. తర్వాత లింగమూర్తిని కూడా బయటికి పొమ్మని, తలుపు వేయించాడు.

వరండాలో బాలవ్వ గోడకు ఆనుకుంది. లోపల పళ్ళెం పడింది. కాసేపటికి మళ్ళీ పడింది. ఆ తర్వాత డాక్టరు ఏదో కేక వేశాడు. చప్పుడైనప్పుడల్లా ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. అనుకోకుండా తల తిప్పితేనో? కాలి కింద గచ్చు అదిరిందని చూస్తేనో? "కూసో చెల్లే," అన్నాడు లింగమూర్తి. ఆమె కూర్చోలేదు.

తలుపు తెరుచుకుంది. డాక్టరు గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. "కుడి చెవు పూర్తిగా పోయింది. ఎడమ చెవుల జరంత ఉన్నది, అది గూడ పనికొచ్చేంత కాదు. బాయిల దింపొద్దని రాస్తున్న." ఆగి, బాలవ్వ వైపు చూడకుండా, "ఇందాక నేను తొందరపడ్డ," అన్నాడు.

బాలవ్వ అక్కడే గచ్చు మీద కూలబడింది. ముత్యం కంగారుగా వచ్చి ఆమె భుజాలు పట్టుకున్నాడు. ఓడిపోయామనే అనుకున్నాడు. కాదని తెలియజెప్పడానికి లింగమూర్తి చేతులతో నానా తిప్పలూ పడ్డాడు.

ఎడమ చెవిలో మిగిలిన ఆ కొంచెం వినికిడి కారణంగా పరిహారం వాళ్ళడిగినంత రాలేదు. అది కూడా వానాకాలం పోయాక వచ్చింది. ముత్యాన్ని కిందికి దింపకుండా బాయి పైనే దీపాల గదిలో పనికి పెట్టారు. దిగేవాళ్ళకు దీపాలిచ్చి, ఎక్కి వచ్చినవాళ్ళ దగ్గర తీసుకోవడం అతని పని. కొత్తవాళ్ళు అతను పలకలేదని కోప్పడితే, పాతవాళ్ళు భుజం తట్టి పిలవాలని నేర్పేవారు. బాలవ్వ మాత్రం చాలా కాలం, అతను ఇల్లు దాటిన ప్రతిసారీ, మలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడేది. దారిలో వెనక నుంచి వచ్చే లారీలున్నాయి కదా.