సమ్మవ్వ పక్క జాగ

చెన్నూరులో సమ్మవ్వ ఎక్కడ కూర్చున్నా ఇద్దరి జాగ పోయినట్టే. మనిషి చూస్తే కందికట్టె. బుచ్చిరాములు చాయ్ హోటల్లో బెంచీ మీద కూర్చుని, కొంగు పక్కకు పరిచి చెయ్యి ఆనించిందంటే మాత్రం కలెక్టరొచ్చినా జరగదు.

"అవ్వా, నువ్వున్నదే పిడికెడు. గింత జాగ ఏం చేస్తవ్?" అని బుచ్చిరాములు మొత్తుకునేవాడు.

"నా కోపం కూసోవద్దారా?"

మరునాడు అడిగితే ఇంకో జవాబు. "నా మోకాళ్లకు ఒకదానికొకటి పడదు. ఎడంగ ఉండాలె."

పెళ్లి పంక్తిలోనూ అంతే, ఒగ్గుకథ దగ్గరా అంతే. గట్టిగా అనే ధైర్యం ఎవరికీ లేదు. ఆమె మంత్రసాని. బుచ్చిరాములుతో సహా సగం ఊరు ఆమె చేతుల మీదే భూమ్మీద పడింది.

అంటరానితనం నేరమని సర్కారు చట్టం చేసి అప్పటికి మూడేళ్లు. చాటింపు కూడా వేశారు. అయినా బజారు ఊడ్చే కిష్టవ్వ హోటల్ బయటే నిలబడేది. గోడ గూట్లో ఆమెకు వేరే సిలవర్ గిలాస. బుచ్చిరాములు పైనుంచి చాయ్ పోస్తే తాగి, కడిగి, మళ్లీ గూట్లో పెట్టేది. చట్టం మంచిదేనని అతనికీ తెలుసు. కాకపోతే గిరాకీ పోతుందన్న భయం అంతకన్నా పెద్దది.

ఒక సంత రోజు కిష్టవ్వ ఆ గిలాస ముట్టలేదు. గడప దాటి లోపలికి వచ్చింది. సమ్మవ్వ కొంగు తీసింది.

"రా బిడ్డా, కూసో."

కిష్టవ్వ కూర్చుంది. ఎదుటి బెంచీ మీది నలుగురూ లేచారు.

"అవ్వా, నా హోటల్ మునుగుతది!" బుచ్చిరాములు పొయ్యి దగ్గర్నుంచే మొత్తుకున్నాడు.

"మునుగనియ్. ఎన్నేండ్ల సంది పిలుస్తున్న దీన్ని! ధైర్యం వచ్చేదాక జాగ ఆపిన." ఆమె లేచినవాళ్ల వైపు తిరిగింది. "మీరు పుట్టంగ చూసినదాన్ని. అందరు ఒక్కతీరుగనే ఏడ్చిన్రు. ఒక్కడన్న కులం పేరు చెప్పి ఏడ్చిండా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ముగ్గురు కూర్చున్నారు. నాలుగోవాడు కొమురెల్లి మాత్రం విసురుగా వెళ్లిపోయాడు. నడిబజారు చేరాక, భార్యకు నెలలు నిండాయని గుర్తొచ్చింది. తిరిగొచ్చి తల వంచుకుని కూర్చున్నాడు.

"కూసుంటెనే వస్తననలే, కొమురెల్లీ. నువ్వు పోయినా నీ పెండ్లాం కాన్పుకు వస్త" అంది సమ్మవ్వ.

బుచ్చిరాములు ఆమెను కొత్తగా చూశాడు. ఇన్నేళ్లూ ఊరంతా నవ్వుతుంటే, ఈ పిడికెడు మనిషి ఒక్కతే ఒక జాగను కాపాడింది! అందరికిచ్చే గాజు గిలాసలో చాయ్ పోసి కిష్టవ్వ చేతికి అందించాడు.

ఆమె ఒక గుక్క తాగింది.

"సేటూ, చక్కెర జర తక్కువైంది."

ఇన్నేళ్లలో కిష్టవ్వ ఒక్క వంక పెట్టి ఎరగదు. బుచ్చిరాములు చక్కెర డబ్బా తెచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"ఎంత ఎయ్యాలె, నువ్వే చెప్పు" అన్నాడు. ఏ గిరాకీనీ అంతకుముందు అలా అడిగినవాడు కాదు.