పెనుకొండ వెనక గుట్ట: తీసిన కంప ఎవరు వేయాలి?

మీరు గీసిన దారిలో నడిచి, మీరు రాసిన మాట నమ్మి, మేము ఒక సూడి గొర్రెను బండ మీది నుంచి జారిపోయేలా చేశాం. "దారికి అడ్డంగా ముళ్ళకంప ఉంటుంది, తీసి పక్కన పడేసి ముందుకు సాగండి" అని మీ ట్రెక్కింగ్ పేజీలో ఉంది. పెనుకొండ కోటకు వెనకవైపు ఉన్న గుట్ట గురించి రాసిన మాట అది. దాని కిందే "తేలిక, పిల్లలతో వెళ్ళొచ్చు" అని కూడా ఉంది. మీ పేజీ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇంకొంతమంది వెళ్ళి ఆ గీతే చూస్తారు. మీరెవరో మీకు తెలుసు. మిగతావాళ్ళు, అంటే సెలవు రోజు హిందూపురం చుట్టుపక్కల నడవడానికి మంచి చోటు వెతుక్కునే నాలాంటివాళ్ళు, చివరిదాకా చదివి ఎక్కడికి పోవాలో, ఎక్కడికి పోకూడదో తేల్చుకోండి.

నేను హిందూపురం దగ్గర ఒక బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ సెక్షన్‌లో పని చేస్తాను. పదో తరగతితో చదువు ఆపేశాను, మ్యాపులు చూడడం ఫోన్‌లోనే నేర్చుకున్నాను. మాది పొద్దంతా తల వంచుకుని నిలబడే పని. దూరం చూడక కళ్ళు మొద్దుబారుతున్నాయని, నాతోపాటు పని చేసే బాషా, నేను ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆదివారం పొద్దున్నే బస్సెక్కాలి, చీకటి పడకముందే తిరిగి రావాలి, మధ్యలో బాగా నడవాలి. అలా ధర్మవరం చెరువుకట్ట చూశాం. హిందూపురం నుంచి రైలుంది, స్టేషన్ నుంచి ఆటో దొరుకుతుంది, కట్ట మీద ఎండ ముదరకముందే నడిచి వచ్చేయొచ్చు. బుక్కపట్నం చెరువు ఇంకా బాగుంటుంది. పుట్టపర్తి దాకా బస్సులో పోయి అక్కడి నుంచి ఆటో పట్టుకోవాలి. వలలు తీసే వేళకు చేరితే జాలర్లూ ఉంటారు, వాళ్ళ చుట్టూ కొంగలూ ఉంటాయి. కానీ రెండూ చదును నడకలే. మాకు ఏదైనా ఎక్కాలనిపించింది. ఏ గుట్ట మంచిదని వెతికితే మీ పేజీ తగిలింది.

పోయిన ఆదివారం ఆరు గంటలకు హిందూపురం బస్టాండులో పల్లెవెలుగు ఎక్కాం. సోమందేపల్లి మీదుగా పెనుకొండకు గంటకు కాస్త ఎక్కువే పట్టింది. ఛార్జీలు మారుతుంటాయి గానీ పోనురాను మనిషికి వంద, నూటయాభై చేతిలో ఉంచుకుంటే చాలు. బస్టాండు దగ్గర ఒక చిన్న హోటల్లో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. బాణలి దగ్గరున్న ఆమె మా సంచులు చూసి, "ఏమప్పా, యాడికి పోతాండారు?" అంది.

"కొండకక్కా."

"మొక్కుబడా?"

"కాదు, ఊరికే నడిచేదానికి" అన్నాడు బాషా.

"ఊరికే నడిచేదానికి ఛార్జీ పెట్టుకోని వచ్చినారా? నాకు నాలుగు బిందెలు నీళ్ళు మోసింటే నడకకు నడకా అయితాండె, బజ్జీలు గూడా ఊరికే ఇస్తాంటి."

అక్కడి నుంచి గుట్ట అడుగు దాకా ఆటో నూరు రూపాయలు. దారిలో డ్రైవరు వెనక్కి తిరిగి మరీ మాట్లాడాడు. "ఆ వెనక గుట్టకా? ఆడ ఏముండాదని? గొర్రెలోల్లు తప్ప ఎవురూ పోకుండ్రి. ఇప్పుడు ఆదివారమొస్తే కార్లు వస్తాండాయి. నవ్వుకుంటా ఎక్కుతారు, దిగినాక నన్ను నీళ్ళడుగుతారు." మమ్మల్ని కోటకు పొమ్మన్నాడు. కోట మీదికి రోడ్డుంది, పైన నరసింహస్వామి గుడి ఉంది, దారి తప్పే పని లేదు. మేము వినలేదు. రోడ్డున్న కొండ మాకెందుకు అనుకున్నాం.

గుట్ట మొదట్లో నడక నిజంగానే తేలిక. వానలు తగ్గుముఖం పట్టి బోదగడ్డి మోకాలెత్తు ఉంది, సీతాఫలం చెట్లు కాయలతో ఉన్నాయి. సగం ఎక్కాక నేల కాస్త పల్లమై, చుట్టూ బండలతో గిన్నెలా ఉన్న చోటు వచ్చింది. గడ్డిలో ఎక్కడో గొర్రెల గంటలు మోగుతున్నాయి, మేము పట్టించుకోలేదు. దానికి అవతల రెండు పెద్ద బండల మధ్య ఒక మనిషి పట్టేంత సందు. సందుకు అడ్డంగా తుమ్మకంప. బాషా ఫోన్ తీసి మీ వాక్యం పైకి చదివాడు, కర్రతో కంపను లాగాడు. పక్కన పెట్టబోతుంటే ఆపింది నేనే.

"ఈడ పెడితే గాలికి మళ్ళా దోవలోకి వస్తాది. వెనకొచ్చేటోల్లకు గుచ్చుకుంటాది. వంకలోకి తోసేద్దాం పట్టబ్బా."

దారిలో ముల్లు కనబడితే తీసి అవతల పారేయమని మా అవ్వ చెప్పేది. దాటుకుని పోతే తిట్టేది. నాకు తెలిసిన పద్ధతి అది. ఇద్దరం కలిసి తోస్తే కంప పక్కనున్న లోతైన వంకలోకి దొర్లుకుంటూ పోయి అడుగున పడింది. "పుణ్యమొచ్చె పో" అన్నాడు బాషా.

సందు దాటాక బండ ఏటవాలుగా దిగుతుంది. దాని అడుగున ఒక దోన, బండలో దానంతటదే ఏర్పడిన నీటిగుంత. అంచుల్లో పచ్చటి గడ్డి, నీటి దగ్గర పాచి. కూర్చుంటే హైవే మీద లారీలు అగ్గిపెట్టెల్లా కనబడతాయి. చిత్రాన్నం పొట్లం విప్పి తింటుంటే గంటల చప్పుడు దగ్గరపడింది. సందులోంచి గొర్రెలు ఒక్కొక్కటే దిగి వచ్చాయి. పొట్టలు బరువుగా ఉన్నాయి, అన్నీ సూడివే. "మనల్ని చూసేదానికే వచ్చినాయి" అని బాషా ఫోటోలు తీశాడు. ఆ ఫోటోలు ఇప్పటికీ ఉన్నాయి. చాలా బాగా వచ్చాయి.

అప్పుడు పైనుంచి కేక. "ఎవుర్రా నా కంప తీసింది?"

నలభై ఏళ్ళుంటాయి ఆమెకు. తలకు తువ్వాలు, భుజాన గొంగడి, చేతిలో కర్ర. పేరు అంజినమ్మ అని తర్వాత తెలిసింది. ఈనే కాలంలో సూడి గొర్రెలను మంద నుంచి విడదీసి ఆ గిన్నెలాంటి చోట ఉంచుతుంది. మూడువైపులా బండలే, మేము వచ్చిన వైపు ఆమె ఉంటుంది, సందు ఒక్కటి కంపతో మూస్తే చాలు. నీళ్ళకని కాసేపు కిందికి దిగింది. ఆ కాసేపట్లోనే మేము వచ్చాం.

"మేమే అక్కా. దారి బాగు చేద్దామని..." అన్నాను.

"దారా? యాడుండాది దారి? అది నా దొడ్డి తలుపురా నాయనా! నేను మీ ఇంటికొచ్చి తలుపు ఊడబెరికి వంకలో పారేస్తే గమ్మునుంటావా?"

తిడుతూనే గొర్రెలను ఒక్కొక్కటిగా మళ్ళించింది. ఒకటి మాత్రం నీటి అంచుకు పోయింది. బాషా తోలబోయాడు. కొత్త మనిషిని చూసి అది వెనక్కి అడుగేసింది, పాచి మీద కాలు జారింది, దోన పక్కనున్న పగులులో పడింది. మేము కాళ్ళు పట్టి లాగబోతే ఆమె కర్రతో నా చేతి మీద కొట్టింది.

"కడుపులో పిల్లుండాది! కాళ్ళు పట్టి ఈడుస్తారా?"

గొంగడిని పొట్ట కింది నుంచి దూర్చి, ఒక కొస బాషా, ఒక కొస నేను పట్టుకుని పైకి తీశాం. గట్టుకు చేర్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ముందుకాలు విరిగింది. బాషా తన తువ్వాలు చింపి ఇచ్చాడు, ఆమె పుల్లలు పెట్టి కట్టు కట్టింది. ఆ గొర్రె తల్లి ఈనగానే చచ్చిపోతే, దీన్ని ఇంట్లో పెట్టుకుని సీసాతో పాలు పట్టి పెంచిందట. ఇది దాని తొలిచూలు.

"బతుకుతాదా అక్కా?" బాషా అప్పటికి మూడోసారి అడిగాడు.

"ఇది బతుకుతాది. కడుపులోది దేవునికెరుక." మచ్చుకత్తి తీసి నా చేతిలో పెట్టింది. "పోయి కంప కొట్టుకోని రాండి. తీసినోడే వెయ్యాల. మా కాడ అంతే."

చేతులు గీరుకుపోయేలా తుమ్మకొమ్మలు కొట్టి ఈడ్చుకొచ్చాం. అదీ తప్పుగా వేశాం. నరికిన మొదలు మనిషి చేతికి అందే వైపు ఉండాలి, ముళ్ళ తలలు సందులోకి ఉండాలి. మేము తిరగేసి పెట్టాం.

"ముళ్ళు నా పక్క పెడితే నేనెట్ల తీసేది, నోటితోనా? మీ ఫ్యాక్టరీలో చొక్కాలు గూడా ఇట్లనే కుడతారా?" అంది, మా పనేమిటో అప్పటికే అడిగి తెలుసుకుంది. సరిగ్గా వేసేదాకా పోనివ్వలేదు. తర్వాత నీళ్ళిచ్చి అడిగింది. "మీరొకరే కాదు. ముందు వారం గూడా ఎవురో తీసిండ్రి. ఎవురు చెప్తాండారు మీకు?"

ఫోన్‌లో మీ పేజీ చూపించాను. గీత వెంట వేలు పెట్టి చూసింది.

"ఇది నా గొర్రెలు తిరిగే దోవ. చెరిపెయ్."

"నా చేతిలో లేదక్కా. గీసినోడే చెరపాల."

"వాడు యాడుండాడు?"

"తెలీదు."

"యాడుండాడో తెలీనోడు చెప్తే తీసేసినారు. ఈడ గంటలు వినబడతాండాయి గదా, ఒక కేకేసి నన్నడగను రాలేదా?"

అడగాల్సింది, అడగలేదు. కాబట్టి మొత్తం మీ నెత్తిన వేయడం లేదు. లాగింది బాషా, వంకలోకి తోయమన్నది నేను. కానీ మేము ఆ రోజే కొత్త కంప కొట్టి వేసి దిగాం. సాయంత్రం బస్సులోంచే మీకు జరిగినదంతా రాశాను. మీ నుంచి దండం బొమ్మ వచ్చింది, "ఫోటోలు ఉంటే పంపండి" అని వచ్చింది. గీత అలాగే ఉంది. "పిల్లలతో వెళ్ళొచ్చు" కూడా అలాగే ఉంది.

ఇది గురువారం రాస్తున్నాను. మధ్యాహ్నం టిఫిన్ బాక్సు తెరవబోతూ బాషా, ఆ రోజు దిగేముందు తీసుకున్న నంబరుకు, అంజినమ్మకు ఫోన్ చేశాడు. నెలలు నిండకుండానే ఈనిందట. "తల్లి మేస్తాండాది. పిల్ల నిలబళ్ళేదు సామీ, పాయె" అంది. ఆ తర్వాత ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. బాషా బాక్సు మూసేసి మిషన్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

నడిచేవాళ్ళకు గుట్ట ఒక పూట. ఆమెకు అది ఇల్లు, దొడ్డి, కాన్పు గది. మనం ఖాళీగా ఉందనుకునే ప్రతి చోటా ఎవరో కాసేపు నీళ్ళకు దిగి ఉంటారు, అంతే. నడకలు మానేయమని నేను చెప్పడం లేదు, నేనూ మానను. ఎక్కాలనిపిస్తే పెనుకొండ కోటకు పోండి. చదును కావాలంటే ధర్మవరం, బుక్కపట్నం కట్టలున్నాయి. వెనక గుట్టకు మాత్రం ఈనే కాలం అయిపోయేదాకా పోవద్దు. ఏ గుట్ట మీదైనా సందుకు కంప అడ్డుంటే అది తలుపని గుర్తుంచుకోండి. కేకేసి అడగండి. ఎవరూ పలకకపోతే వెనక్కి తిరగండి. ఎవరైనా తీసి పోనిస్తే, దాటగానే కంప మొదలు పట్టుకుని మళ్ళీ ఈడ్చి మూయండి.

పేజీ వాళ్ళకు ఆఖరి మాట. ఆ గీత చెరపండి. ఆ వాక్యం తీసేయండి. ఎందుకు తీశారో అదే చోట రాయండి, రాశామని నాకు జవాబివ్వండి. ఆదివారం పొద్దున మళ్ళీ కార్లు వస్తాయి. మీరు తీయకపోతే నేనూ బాషా ఆ సందులో కూర్చుని వచ్చినవాళ్ళందరికీ మీ పేజీ పేరు చెప్పి వెనక్కి పంపుతాం. తీసినవాడే వేయాలి. మా కంప మేము వేశాం. మీది వేయడానికి శనివారం సాయంత్రం ఆరు దాకా టైముంది.