పైపు ఆగిపోయిన వీధిలో ఒక శనివారం

మీరు ఇస్తారు గాని అడగరు. అవతలి మనిషికి ఏం కావాలో కనుక్కోకుండానే మూటలు కట్టి, తీసుకెళ్లి దించి, ఫోటో దిగి, చీకటి పడకముందే ఇల్లు చేరతారు. కోపం వచ్చిందా? రానీయండి. మొన్న శనివారం అలాంటి మూటల వ్యాన్‌లోనే వెళ్లొచ్చి ఇది రాస్తున్నాను.

ప్లెయిన్స్‌బరోలోని తెలుగు చర్చి వాళ్లు దక్షిణ న్యూజెర్సీలో నల్లజాతివాళ్లుండే ఒక వీధికి సాయం తీసుకెళ్తున్నారని తెలిసి నేనూ వస్తానన్నాను. నాకు దేవుడితో పేచీ ఉంది గాని ప్రయాణాలతో లేదు. ఆ వీధి వెనక పెద్ద చెత్తగుట్ట ఉందనీ, దాని ఊట దిగి బావులు పాడయ్యాయనీ పేపర్లో చదివాను. చెత్త ఎవరిది, బావులు ఎవరివి? అదే చూడాలనిపించింది.

తొమ్మిదింటికి బయల్దేరాం. 130 నంబరు రోడ్డు మీద బోర్డెన్‌టౌన్ దాకా వెళ్లి, అక్కడ 206 నంబరు రోడ్డు పట్టుకుని తిన్నగా దక్షిణానికి. టోల్ లేదు, రానూపోనూ పెట్రోలు పది డాలర్లు దాటదు. సగం దారి నుంచి రెండు పక్కలా పైన్ చెట్లే. డ్రైవ్ చేసింది సంఘ పెద్ద జయరాజు గారు. ఆయన పక్కన భార్య సుగుణమ్మ గారు. వెనక బియ్యం బస్తాలు, వాటి మధ్య నేను.

"ఏమండీ కామ్రేడ్ గారూ, దేవుడి బియ్యం మీద కూర్చున్నారు, గుచ్చుకోవట్లేదు కదా?" అన్నారు జయరాజు గారు అద్దంలో నన్ను చూస్తూ.

అది గుప్పెడు బియ్యం. ఇంట్లో అన్నం వండే ప్రతిసారీ ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేసి, నెలాఖరుకి చర్చికి తెచ్చే ఆచారం. నరసాపురం నుంచి దాన్ని ఇక్కడిదాకా మోసుకొచ్చింది సుగుణమ్మ గారే. ఒకరింటి బాస్మతి, ఇంకొకరింటి లావు బియ్యం, అన్నీ కలిసిపోయి ఉంటాయి. అన్నీ ఒకేలా ఉడకవు. అయినా ఆ పద్ధతి నాకు నచ్చింది. చెక్కు రాసి మరిచిపోవడం కాదది, పొయ్యి వెలిగించిన ప్రతిసారీ ఇంకొకరి ఆకలి గుర్తుచేసుకోవడం.

పదిన్నరకు చేరాం. అక్కడి చిన్న చర్చిలో వంటగది నడిపే మిసెస్ రూబీ ఎదురొచ్చింది. భారీ మనిషి, అంతకన్నా భారీ నవ్వు. బస్తాలో చెయ్యి పెట్టి గలగలలాడించి, "హనీ, ఇది ఎలా వండుతారు?" అని అడిగింది.

సుగుణమ్మ గారు ఉత్సాహంగా మొదలుపెట్టారు. "ముందు రెండుసార్లు కడగాలి. నీళ్లు తెల్లగా వస్తాయి, పారబోయాలి. తర్వాత గ్లాసుకి రెండు గ్లాసులు..."

అక్కడ ఆగిపోయారు. సింకు మీది కుళాయికి ఎవరూ తిప్పకుండా గుడ్డ చుట్టి ఉంది. పక్కన గోడ పొడవునా పాలు అయిపోయిన ప్లాస్టిక్ జగ్గులు, వాటి నిండా నీళ్లు. వారానికి రెండుసార్లు ట్యాంకరు వస్తేనే అవి నిండుతాయట. కాఫీకీ, పసిపిల్లల పాలకీ అవే.

రూబీకి నవ్వాగలేదు. "ఉన్న నీళ్లన్నీ బియ్యానికే స్నానం చేయిస్తే, మేమేం తాగాలి తల్లీ?"

"ఏవండీ, బావులు పాడయ్యాయని తెలిసే కదా వచ్చాం?" అన్నారు సుగుణమ్మ గారు భర్త వైపు తిరిగి. తెలుసు. అందరికీ తెలుసు. నాకూ తెలుసు. బియ్యం ఉడకాలంటే నీళ్లు కావాలన్నదే ఒక్కరికీ తట్టలేదు.

రూబీ మమ్మల్ని వీధి చివరికి నడిపించింది. ఇళ్ల వెనకే గుట్ట, దాని మీద గడ్డి, పైన సముద్రపు పక్షులు. ఎక్కడెక్కడి అపార్ట్‌మెంట్ల చెత్తో వస్తుందట, మాలాంటి వాళ్లదే. హైవే అవతల కొత్త కాలనీకి మంచినీటి పైపు వేశారు. అది ఆ పక్కనే ఉన్న పెట్రోలు బంకు దాకా వచ్చి ఆగింది.

"ఎందుకాగింది?" అని అడిగాను.

"రోడ్డు దాటి మా వైపు రావాలంటే పైపుకీ భయమేనేమో," అంది రూబీ. తర్వాత నవ్వు ఆపేసి చెప్పింది. "మూడింటికి ఫైర్‌హౌస్‌లో టౌన్‌షిప్ సభ. ఆ పైపు గురించే. పోయిన సభలో మేం పదిమందిమే ఉంటే ఖాళీ కుర్చీలు చూపించి వాయిదా వేశారు. వచ్చి కూర్చోండి."

జయరాజు గారు తాళాలు చేతిలో తిప్పారు. "మనం గ్రీన్‌కార్డ్ మీద ఉన్నాం. పాలిటిక్స్ మనకెందుకు సుగుణా, వెళ్లిపోదాం."

"బియ్యం దింపితే పాలిటిక్స్ కాదు, నీళ్లు అడిగితే అయిపోయిందా? మీరు వెళ్లండి. నేను బస్సులో వస్తాను."

ఆ రోడ్డు మీద బస్సు లేదు. ఆయన ఉండిపోయారు.

ఫైర్ ఇంజన్లు పెట్టే హాల్లోనే ఊరి పాలకమండలి సభ. సుగుణమ్మ గారు మైకు ముందు నిలబడ్డారు. "నేను మందుల కంపెనీలో కెమిస్టుని. మాత్రల్లో కలిపే నీళ్లని రోజూ పరీక్ష చేస్తాను. పసిపిల్ల పాలల్లో కలిపే నీళ్లని ఇక్కడ ఎవరు చేస్తున్నారు?"

"మీరు ఈ టౌన్‌షిప్ వారేనా?" అని అధ్యక్షుడు మధ్యలో అడ్డుపడ్డాడు.

"కాదండీ. మా చెత్త మాత్రం ఇక్కడికే వస్తుంది."

వెనక నుంచి రూబీ "ఆమెన్" అని అరిచింది. పైపు మంజూరు కాలేదు. రోడ్డు దాటించడానికి ఎంతవుతుందో లెక్క వేయమని ఇంజినీరుకి చెప్పి, నిర్ణయం వచ్చే నెల రెండో శనివారానికి పెట్టారు.

తిరుగుదారిలో పైన్ చెట్ల మధ్య నాకు ఒకటే ప్రశ్న. దానం చేసే చేతికి ఇంత ఓపిక ఉంది, గుప్పెడు గుప్పెడు కూడబెడుతుంది. అడిగే నోటికి ఆ ఓపిక ఎందుకు లేదు? విషం అందరి మీదా సమానంగా పడదు, పేదవాడి బావిని వెతుక్కుంటూ వెళ్తుంది. అలా వెళ్లేలా దారి వేసింది మనుషులే. ఆ దారి మార్చమని అడగకుండా మూటలు మోసే ధర్మసంస్థ సగం పనే చేస్తోంది.

వచ్చే సభకి వెళ్లేవారికి ఒక సూచన: మాట్లాడదలిస్తే సభ మొదలవకముందే తలుపు దగ్గర పేరు రాయించుకోండి. తర్వాత మైకు ఇవ్వరు.

ఇక మన సంఘాలకు, చర్చిలకు, గుళ్లకు నా డిమాండ్లు:

మూట కట్టేముందు అక్కడివాళ్లకి ఫోన్ చేసి ఏం కావాలో అడగాలి.

పైపు పడేదాకా ఆ వీధికి తాగునీళ్లు పంపాలి.

మన కెమిస్టులు, ఇంజినీర్లు తమ సెలవు రోజు ఒకటి ఆ బావుల పరీక్షకి ఇవ్వాలి.

మన అపార్ట్‌మెంట్ల చెత్త ఎక్కడికి పోతుందో మేనేజర్ల నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి.

వచ్చే నెల రెండో శనివారం మూడింటికి ఫైర్‌హౌస్‌లో ఒక్క కుర్చీ కూడా ఖాళీగా ఉండకూడదు.