బీరువాలోకి వెళ్లిన వృక్షశాస్త్రం

ఈ రోజు మా కాలేజీ లైబ్రరీలో జిరాక్స్ పుస్తకాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు. కాపీ తీసిన ప్రతి పేజీకి పబ్లిషర్లకు ఇంత కట్టాలని ఢిల్లీలో రేటు పెట్టారట. కాలేజీలు కూడా కట్టాలా వద్దా అన్నది తేలేదాకా ఎవరికీ ఇవ్వరట. సీనియర్లు జిరాక్స్ తీసి, గోనెదారంతో కుట్టి మా కోసం లైబ్రరీలో ఇచ్చిపోయిన వృక్షశాస్త్రం కూడా అందులోనే ఉంది. సోమవారమే పరీక్ష.

అచ్చంపేట మార్కెట్లో ఆముదాలు అమ్మి ఇంటికొచ్చిన బాపుకు చెప్పాను.

“రాసినాయన కష్టానికి పైసలియ్యాలె గద బిడ్డా?”

“ఇయ్యాలె బాపూ. గని రేటు పెట్టేటప్పుడు మనల్ని అడిగిండ్రా?”

“మన ఆముదాలకు రేటు పెట్టేటప్పుడు ఎన్నడన్న అడిగిండ్రా?”

చదవడానికి పుస్తకం లేదు కాబట్టి కాగితం తీసుకుని ఇదంతా రాశాను. ఎవరో పెట్టిన రేటుకు కాలేజీ కట్టుబడాలా? ఈ కాగితం కాలేజీ గోడపత్రికలో అంటిస్తాను. కింద జాగా వదిలాను, మీ మాట రాయండి. మనల్ని ఒకరైనా అడిగినట్టుంటుంది.