నీలాడిన నాలుగో రోజు

పొద్దున ఆరు కొట్టగానే అసిరమ్మ చీపురు వరండా గోడకి ఆనించి, పదకొండు మంచాల చుట్టూ ఒకసారి తిరిగేది. ఆమె ఉద్యోగంలో ఈ తిరుగుడు లేదు. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్ల చివరనున్న ఆ చిన్న వైద్యశాలలో ఆమె ఆయా. నేల కడగాలి, బెడ్‌పాన్లు ఎత్తాలి. అంతే. కాని రాత్రి గడిచి ఎవరు బాగున్నారో, ఎవరు జారిపోతున్నారో ముందు తెలిసేది ఆమెకే.

అసిరమ్మకి అక్షరాలు రావు, అంకెలొచ్చు. అక్కడ కొన్నాళ్లు పనిచేసి వెళ్లిపోయిన ఒక నర్సమ్మ ఆమెకి థర్మామీటరు చూడడం, నాడి లెక్కపెట్టడం నేర్పింది. పోతూ పోతూ ఒక పాత థర్మామీటరు చేతిలో పెట్టింది. మిగతాది మంచాల దగ్గరే నేర్చుకుంది. పసిపిల్ల ఏడుస్తుంటే కంగారు లేదు, ఏడుపు మానితే మాడు లోపలికి పోయిందేమో తడిమి చూడాలి, పొద్దుటినుంచి ఎన్ని గుడ్డలు తడిపిందో తల్లినడగాలి. ముసలాయన "బాగానే ఉన్నాను" అంటే నమ్మకుండా పక్కకి తిప్పి, నడుమూ మడమలూ ఎర్రబడ్డాయేమో చూడాలి. చీము పట్టిన పుండు ముట్టుకున్న చేత్తో బాలింతని ముట్టుకోకూడదు. ఈ చివరి సంగతి అక్కడ కోటు వేసుకున్నవాళ్లకే సరిగ్గా గుర్తుండేది కాదు.

మందుల కిటికీ వెనక కాంపౌండరు సత్యనారాయణ కూచునేవాడు. బెజవాడ వైపు మనిషి. తెలుగంటే తను మాట్లాడేదేనని ఆయన నమ్మకం. డాక్టరు బెంగాలీ, ఆయనకి తెలుగు ముక్క రాదు. వచ్చే రోగులేమో చాలావరకు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కళాసీల కుటుంబాలు. కాబట్టి రోగి చెప్పింది డాక్టరుకి చేరాలంటే సత్యనారాయణ నోటిమీదుగానే వెళ్లాలి. వెళ్లేలోగా దారిలో ఎన్ని జబ్బులు మారిపోయాయో ఎవరూ చూడలేదు.

1931 వానాకాలంలో ఒక సోమవారం నూకరాజు ఆ కిటికీ దగ్గరికొచ్చాడు. షెడ్డులో ఇంజన్లు తుడిచే కళాసీ.

"మా ఆడది నీలాడి నాలుగు రోజులైంది బాబూ. ఒల్లు కాలిపోతంది, వొణికిపోతంది."

"నీలాడి ఏమిటయ్యా? స్నానమాడి అనాలి."

"తానం కాదు బాబూ, నీలాడినాది."

"అదేగా నేనూ అంటున్నది! మీరలా పలుకుతారు, మేమిలా పలుకుతాం. జ్వరం పెట్టుకుని నీళ్లు పోసుకోమని ఎవడు చెప్పాడు? గదిలోకి గాలి రానివ్వకు, తడి తగలనివ్వకు."

నూకరాజు తలూపాడు. కాంపౌండరుగారితో వాదించే అలవాటు కళాసీలకి లేదు. ఆ వైపు వాళ్లకి నీలాడడమంటే బిడ్డని కనడం. సత్యనారాయణకి ఆ మాట తెలియదు. తెలియని మాట కళాసీని అడిగి తెలుసుకోవడం ఆయన హోదాకి తక్కువ. "చన్నీళ్ల స్నానం, తర్వాత చలిజ్వరం" అని లోపలికి వెళ్లి ఇంగ్లీషులో చెప్పాడు. డాక్టరు తల ఎత్తకుండా చీటీ మీద అదే రాసుకుని, కింద క్వినైన్ రాశాడు.

బుధవారం పొద్దున నూకరాజు ఖాళీ సీసాతో మళ్లీ వచ్చాడు. అసిరమ్మ వరండా కడుగుతోంది.

"ఏటి నూకరాజూ, ఎవులికి మందు?"

"కనకానికే అప్పా. జరం దిగట్లేదు. గది మూసే ఉంచినాం. తడి తగలనియ్యొద్దన్నారు."

"బాలింతకి తడి తగలకుండా ఎలగ కడుగుతార్రా? ఎవులా సెప్పినోడు?"

కిటికీలోంచి సత్యనారాయణ కేకేశాడు. "ఏమయ్యా, స్నానం మాన్పించావా లేదా?"

అసిరమ్మ బకెట్టు కింద పెట్టింది. "తానమేటి బాబూ? నీలాడినాదంటే కన్నాది! నీ పుస్తకాల్లో ఎవులూ కనరేటి?"

"నీ పని నేల వరకే, అసిరమ్మా."

"అచ్ఛా. కనకాన్ని నేల మీదకి దించితే ఆ నేలా నానే కడగాల."

అక్కణ్ణుంచి సరాసరి నూకరాజు క్వార్టరుకి వెళ్లింది. ముందు కిటికీ తెరిచింది. థర్మామీటరు నూటనాలుగు చూపించింది. నాడి నిమిషానికి నూటముప్పై. పొత్తికడుపు మీద చెయ్యి వేయగానే కనకం కెవ్వుమంది. గుడ్డలు కుళ్లు వాసన. మంత్రసాని అప్పయమ్మ మూలన నిలబడి చూస్తోంది.

"మాయ అంతా పడిందేటి?"

"ఓ ముక్క సిరిగిపోనాదమ్మా. ఉన్నది అదే పడిపోద్దనుకున్నాం."

"అనుకున్నారు!"

అసిరమ్మ వైద్యశాలకి తిరిగొచ్చి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, చీర మార్చుకుని, డాక్టరు బల్ల ముందుకెళ్లి నిలబడింది. ఆయాలు ఆ గుమ్మం దాటకూడదు.

"సాబ్, బచ్చా హువా. ఛే దిన్. ఫూల్ అందర్ హై. బుఖార్ ఏక్ సౌ చార్."

బిడ్డ పుట్టి ఆరు రోజులైందనీ, ఫూల్ లోపలే ఉందనీ, జ్వరం నూటనాలుగనీ. ఫూల్ అంటే పువ్వు. ఇక్కడి మంత్రసానులు మాయని ఆ మాటతోనే అంటారు. అసిరమ్మ వాళ్లనడిగి నేర్చుకుంది. బెంగాలీలోనూ అదే మాట కావడంతో డాక్టరుకి వెంటనే అర్థమైంది. అయినా ఆయన ముందు సోమవారం చీటీ తెప్పించి, "స్నానం" అన్న మాట రెండుసార్లు చదివి, అప్పుడు కుర్చీలోంచి లేచాడు.

మధ్యాహ్నానికి కనకాన్ని స్ట్రెచర్ మీద తెచ్చారు. డాక్టరు లోపల మిగిలిన ముక్క తీశాడు. పని తెలిసినవాడే. చూడడానికే ఆయనకి రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత అంతా అసిరమ్మే. కనకాన్ని మిగతావాళ్లకి దూరంగా పడుకోబెట్టి, లోపలి చెడు కిందికి దిగిపోయేలా మంచం తలవైపు కోళ్లకింద ఇటుకలు పెట్టింది. గ్లాసులు లెక్కపెట్టి నీళ్లు తాగించింది. కనకానికి వాడిన బేసిను ఇంకెవరి దగ్గరికీ పోనివ్వలేదు. పసిపిల్ల రోజుకి ఏడు గుడ్డలు తడుపుతోందని నూకరాజుకి చెప్పి, "ఇంక భయం నేదు, పిల్లకి" అంది. తల్లి సంగతి చెప్పలేదు.

శుక్రవారం ఫైల్లో రెండు కాగితాలు చేరాయి. మొదటిది సత్యనారాయణ రాసింది: "రోగి భర్త ఉచ్చారణ అస్పష్టం." రెండోది అనుమతి లేకుండా డాక్టరుగారి గదిలోకి వచ్చినందుకు ఆయా అసిరమ్మకి మందలింపు. డాక్టరు రెండింటి మీదా సంతకం చేశాడు. మందలింపు చదివి వినిపించింది సత్యనారాయణే, మంచి స్పష్టమైన ఉచ్చారణతో.

"అయిపోనాదేటి బాబూ?" అని అసిరమ్మ కనకం దగ్గరికెళ్లింది. ఆ పూట నూటమూడు. ఆదివారం నూటఒకటి. తర్వాతి బుధవారం ఆరింటికి, చీపురు పట్టకముందు చూస్తే, తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు.