హద్దు బయట అత్త గది

మొదటి లాక్‌డౌన్‌లో సూరత్ మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. అక్కడి భేస్తాన్ పేటలో మా ఇంటికి మూడు వైపులా మర మగ్గాల షెడ్లే. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడు మీద అరిచి మాట్లాడటం అలవాటైనవాళ్ళం కాబట్టి, అవి ఆగాక కూడా ఇంట్లో నలుగురమూ అరుస్తూనే ఉన్నాం. మా కూరలో ఉప్పు ఎక్కువైన సంగతి కూడా వీధంతా తెలిసేది.

నాకు మాత్రం పని ఆగలేదు. ఒక ఇంజనీరు ఆఫీసులో ఇళ్ళ ప్లాన్లు గీసే ఉద్యోగం నాది. లాప్‌టాప్ చేతికిచ్చి ఇంటికి పంపారు. ఎవరో చేత్తో గీసిన ప్లాను ఫోటో ఫోన్‌కి వస్తుంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌లో అడుగున పరుస్తాను. ఫోటోలో రెండు చోట్ల నొక్కి, వీటి మధ్య ఇన్ని అడుగులు అని చెబితే బొమ్మంతా ఆ కొలతకు వస్తుంది. ఇక పలక మీద అక్షరాలు దిద్దినట్టు దాని మీద గీతలు దిద్దుకుంటూ పోవడమే. మా సార్ నేర్పిన సూత్రం ఒక్కటే: ఫోటోలో ఏముంటే అది గీయి, నీ తెలివి వాడకు. ఒకసారి ఎవరి బొటనవేలో కాగితం అంచున పడితే దాన్నీ గుండ్రటి బాల్కనీగా గీసి పంపాను. ఆ ఇంటాయన మురిసిపోయి అదే కట్టించుకుంటానని పట్టుబట్టాడు. అప్పటి నుంచి నా పొగరు ఇంతా అంతా కాదు.

మగ్గం లేక చేతులు ఊరుకోని మా నాయిన ఒకరోజు పెన్సిల్ పట్టుకున్నాడు. దగ్గర్లోనే ఉన్ అనే ఊళ్ళో మాకు చిన్న జాగా ఉంది, పదిహేను అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు. లాక్‌డౌన్ ఎత్తేయగానే మేస్త్రీ పునాది తీస్తానన్నాడు, ఈలోగా ప్లాను కావాలి. అందులో అందరికన్నా ముందు అత్తకు గది ఉండాలని నాయిన పట్టు. అత్త నాయినకు అక్క. మామ పోయాక మా దగ్గరికి వచ్చేసి, ఇరవై రెండేళ్ళుగా వంటింట్లోనే పడుకుంటోంది. మా వంటింటికి తలుపు లేదు. ఎవరికి దాహం వేసినా ఆమె కాళ్ళు దాటుకుని బిందె దగ్గరికి వెళ్ళడమే. నేనూ అంతే, లెక్కలేనన్ని సార్లు దాటాను.

ఇంట్లో తెల్ల కాగితం లేదు, దుకాణాలు మూసి ఉన్నాయి. నాయిన వంటింటి అలమారలో డబ్బాల కింద పరిచిన గళ్ళ కాగితం ఒకటి లాగాడు. అత్త ఒకప్పుడు చీరల డిజైన్ షెడ్‌లో పనిచేసినప్పుడు తెచ్చిన కాగితాలవి. ఒక గడి ఒక అడుగు అనుకుని ఇల్లు గీశాడు. ముందు వరండా, ఆ వెనక హాలు, పడకగది, వంటిల్లు, అన్నిటికన్నా వెనక ఎనిమిది గడుల పొడవున అత్త గది. కాగితం ఎగరకుండా మూల మీద చాయ్ గ్లాసు పెట్టి ఫోటో తీసి, పక్క గదిలో ఉన్న నాకు ఫోన్‌లో పంపాడు. మరి నేను ఆఫీసులో ఉన్నాను కదా!

ముందు గోడ పదిహేను అడుగులని సాఫ్ట్‌వేర్‌కు చెప్పి, శ్రద్ధగా దిద్దాను. గ్లాసునూ వదల్లేదు. అది వరండాలో తులసికోటకు సరిగ్గా సరిపోయిందని అమ్మ తెగ మెచ్చుకుంది. తర్వాత జాగా హద్దును ఎర్ర గీతతో గీశాను. ఇల్లు యాభై అడుగులు వచ్చింది! అత్త గది మొత్తానికి మొత్తం ఎర్ర గీత అవతల, పక్కవాళ్ళ జాగాలో ఉంది.

“నలభై గడులే బిడ్డా! నేనేమన్న తాగి గీసిన్నా?” అని నాయిన ఒంటికాలి మీద లేచాడు.

“యాభై వస్తున్నది నాయినా. కంప్యూటర్ అబద్ధం చెప్తదా?”

“దానికి గిట్ల కరోనా అంటిందేమో, జర చూడు.”

అగ్గిపుల్లతో గడులు లెక్కపెట్టాడు, నలభై. అమ్మ లెక్కపెట్టింది, నలభై. నేను లెక్కపెట్టినా నలభయ్యే. అయినా సాఫ్ట్‌వేరే కరెక్టని వాదించాను. నా మొహం, బొటనవేలిని బాల్కనీ చేసిన దాన్ని, నాకు ఎదురు చెప్పేదెవరు?

అలాగైతే జాగాయే యాభై అడుగులు ఉండొచ్చని నాయినకు ఆశ పుట్టింది. మర్నాడు కూరగాయలకు వదిలే వేళలో అమ్మ చీర ఒకటి సంచిలో పెట్టుకుని ఉన్ వెళ్ళాడు. చీర పద్దెనిమిది అడుగులని నేసినవాడికి తెలియదా! ఖాళీ జాగాలో చీర పరిచి కొలుస్తుంటే పోలీసు వచ్చి, ఏం చేస్తున్నావని అడిగాడు.

“ఏ కాకా, క్యా కర్ రహే హో?”

“ఘర్ నాప్ రహా హూఁ సాబ్.”

ఇల్లు కొలుస్తున్నానంటే పోలీసు చుట్టూ చూశాడట. ఇటుక ముక్క కూడా లేదు, ఇల్లేదీ అన్నాడట. “ఘర్ కహాఁ హై?”

“అభీ లాప్‌టాప్ మే హై సాబ్.”

ఇల్లింకా లాప్‌టాప్‌లోనే ఉందని విని ఆ పోలీసు పాపం లాఠీ దించేసి, ఎండలో తిరగొద్దు, ఇంటికెళ్ళి నిమ్మరసం తాగమన్నాడట. జాగా మాత్రం రెండు చీరలూ నాలుగు అడుగులు. నలభయ్యే.

ఇక పది అడుగులు ఎక్కడో ఒకచోట తెగాలి. హాలు చిన్నదైతే నలుగురు వస్తే ఎక్కడ కూర్చుంటారన్నాడు నాయిన. వంటింటి జోలికి రావద్దంది అమ్మ. పడకగదిలో నా బల్ల ఉండాలన్నాను నేను. బయట ఉన్నది చెరిపేస్తే గొడవే లేదని నోరు జారిందీ నేనే. గుమ్మం దగ్గర చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్త తలెత్తలేదు.

“నాకు రూమెందుకు బిడ్డా? వంటింట్ల సల్లగుంటది. తీసెయ్.”

సిగ్గుతో చచ్చాను. చెరిపే మీట మీద వేలు ఉంది, నొక్కలేకపోయాను. నాయిన కళ్ళు తుడుచుకుని, కాగితం తీసుకెళ్ళి అత్త ముందు పెట్టాడు.

“అక్కా, అందరం లెక్కవెట్టినం. నువ్వొక్కసారి లెక్కవెట్టు.”

అప్పటిదాకా ఆ కాగితం అత్తకు ఎవరమూ చూపించలేదు. ఆమె చేయి తుడుచుకుని, ఒక గడి మీద గోరు పెట్టి, ఫక్కున నవ్వింది.

“ఓరి నీ తెలివిల మన్నువడ! గిది చీరె కాగితం గదరా. నిలువు పోగులు దగ్గర దగ్గర ఉంటయ్, అడ్డం పోగులు దూరం. గందుకే గడి నిలువుకు పొడుగుంటది. పన్నెండేండ్లు గీ గడులు చూసుకుంటనే మగ్గానికెక్కే డిజైన్ అట్టలకు తూట్లు కొట్టిన. నాలుగు నిలువు గడులు అయిదు అడ్డం గడులంత. ఇల్లు గీస్తరా దీని మీద?”

నాయిన ముప్పై ఏళ్ళు మగ్గం నడిపినవాడు, నేను ప్లాన్లు గీసేదాన్ని. ఇద్దరికీ ఆ గడి చతురస్రంగానే కనబడింది. లాప్‌టాప్ ముందేసుకుని, అడ్డం కొలత అలాగే ఉంచి, నిలువును అయిదింట నాలుగు వంతులకు కుదించాను. ఎర్ర గీత అవతల ఉన్న అత్త గది నెమ్మదిగా జరిగి హద్దు లోపలికి వచ్చి కూర్చుంది. అమ్మ చప్పట్లు కొట్టింది.

అత్త వచ్చి నా పక్కన కూర్చుంది.

“తలుపున్నదా?”

“ఉన్నది అత్తా, గిదిగో.”

“గొళ్ళెం లోపలి దిక్కు పెట్టు బిడ్డా.”

ఆ కొలతలో గొళ్ళాలు గీయరు, గీసినా కనబడవు. అయినా గీశాను.

“ఏది? జర దగ్గరికి తే.”

పెద్దది చేస్తూ పోయాను. హాలు పోయింది, వంటిల్లు పోయింది, ఆమె గది గోడలూ పోయాయి. తెరంతా గొళ్ళెం ఒక్కటే మిగిలింది. అత్త చాలాసేపు దాన్నే చూసి, “ఆఁ, గిప్పుడు మంచిగున్నది” అని లేచి వెళ్ళి నడుం వాల్చింది.

కాసేపటికి నాకు దాహం వేసింది. వంటింటి దాకా వెళ్ళి, తలుపు లేని ఆ గుమ్మం దగ్గర ఆగిపోయాను.

“అత్తా, లోపలికి రావచ్చా?”

“ఏందే, దిమాక్ గిట్ల ఖరాబైందా?” అని తిడుతూనే, అత్త కాళ్ళు ముడుచుకుని నాకు దారి ఇచ్చింది.