ముదీర్ చేతిలో ఓడిపోదామనుకున్న వారం

ఇప్పుడంటే ఎవరి మొహం మీదైనా కుదరదని చెప్పేస్తున్నాను గానీ, దుబాయ్‌లోని జెబెల్ అలీలో పనిచేసిన ఆ రోజుల్లో పైవాళ్ల ముందు నా నోట ‘ఎస్ సర్’ తప్ప మరో ముక్క వచ్చేది కాదు. ఇనప దూలాలు తయారుచేసే ఫ్యాక్టరీలో టైమ్‌కీపర్‌ని. ఎవరెన్ని గంటలు పనిచేశారు, ఎవరు సిక్ లీవు పెట్టారు, ఇదంతా రాసుకోవడం నా పని. కిందటి సెలవుకి ఇంటికెళ్లి వచ్చాక పుట్టిన కూతురికి, నేను చెప్పబోయే డిసెంబరు నాటికి, ఎనిమిది నెలలు. దాన్ని ఫోటోలో చూడటమే (అందులోనూ పిల్లకన్నా టోపీయే ఎక్కువ కనిపించేది).

మా ముదీర్, అంటే మేనేజరు, అమెరికా మనిషి. వాళ్ల దేశపు ఫుట్‌బాల్ మీద (కాలితో తన్నేది తక్కువ, బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తేది ఎక్కువ) ఆఫీసులో ఒక ఆట మొదలుపెట్టాడు. అక్కడ నిజంగా ఆడే ఆటగాళ్లను మేం ఎనిమిది మందిమి కాగితం మీద పంచుకుని జట్లు కట్టాలి. వాళ్లు అక్కడ పరిగెత్తితే మాకిక్కడ పాయింట్లు. జట్టు ఒక్క ఏడాదితో అయిపోదు, ఏళ్ల తరబడి మనదే. అందుకే ముదీర్ వాటిని రాజవంశాలనేవాడు. నాకు దక్కింది ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని, అంటే ఉద్యోగం వదిలేసి, దేశానికి వెళ్లిపోయిన ఒక సర్వేయరుగారి వంశం. అందరూ పేరున్నవాళ్లే, అందరికీ మోకాళ్ల నొప్పులే. మొదటి ఏడాది ఆఖరి స్థానం నాదే.

ఆట నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ హాజరు పట్టీ అంటే నాకు కొట్టిన పిండి. ఎవరు ఎన్ని మ్యాచ్‌లు ఆడలేదో నెట్‌లోంచి ప్రింటు తీసుకుని, మా టైమ్‌షీట్ల లాగే గళ్లు గీసి నింపాను. మోకాలు పేరు చెప్పి మూడుసార్లు సెలవు పెట్టిన వెల్డరు నాలుగోసారి ఇంటికే పోతాడని నాకు తెలుసు. నా జట్టులో అందరికన్నా పెద్ద పేరున్న పరుగువీరుడి పట్టీ అచ్చం అలాగే ఉంది. అతన్ని ముదీర్‌కిచ్చేసి, బదులుగా ఆయన దగ్గరున్న, ఆ ఏడాదే కాలేజీ వదిలి వచ్చిన ఇద్దరు కొత్త కుర్రాళ్లను అడిగాను. ముదీర్ నా చెయ్యి పట్టుకుని జాలిగా ఊపాడు. నా రూమ్మేటు, స్టోర్సులో పనిచేసే నెల్లూరు భాయ్, తల పట్టుకున్నాడు.

“ఏందబ్బా నువ్వు! గల్ఫ్‌లో ఎవడన్నా ఎక్స్‌పీరియన్స్ ఉండేవోణ్ణి ఇచ్చేసి ఫ్రెషర్లని తెచ్చుకుంటాడా?”

రెండో ఏడు సీజను మొదలైన మూడో వారానికే ముదీర్‌కిచ్చిన వీరుడి మోకాలు పోయింది. నా కుర్రాళ్లు మాత్రం వెనక కుక్కలు తరుముతున్నట్టు పరిగెత్తారు. డిసెంబరుకల్లా లెక్క తేలిందేమిటంటే, ఫైనల్‌కి వెళ్లాలంటే ముదీర్, నేను తలపడాలి. సరిగ్గా ఆ వారమే నా ఫ్యామిలీ వీసా కాగితం ఆయన టేబుల్ మీద ఉంది. నా హోదా రాసి ఆయన సంతకం పెడితేనే భార్యా బిడ్డా దుబాయ్ వచ్చేది.

“కాగితం వచ్చిందాండీ?” అంది మా ఆవిడ ఫోనులో.

“ముదీర్ టేబుల్ మీదుంది.”

“అయితే కాస్త ఆయన్ని మంచి చేసుకోండి.”

భాయ్ ఇంకా సూటిగా చెప్పాడు. “యోవ్, దిమాగ్ ఉండాదా నీకు? సంతకం పెట్టాల్సినోణ్ణి ఓడిస్తావా? ఈ వారానికి ఓడిపో. కాగితం చేతికొస్తే ఖలాస్!”

ఆదివారం ఎవరి ఆట నా లెక్కలోకి రావాలో జాబితా ఇచ్చేటప్పుడు నా బంగారు కుర్రాళ్లిద్దరినీ పక్కన కూర్చోబెట్టాను. వాళ్ల బదులు సర్వేయరుగారి కాలం నాటి ఇద్దరు ముసలివాళ్లను దింపాను. వాళ్ల హాజరు పట్టీ చూస్తే ఆ రోజు మైదానానికి వస్తారన్న నమ్మకం కూడా లేదు. సోమవారం పొద్దున నోటీసు బోర్డు దగ్గరికెళితే కళ్లు తిరిగాయి. ఆ ముసలివాళ్లలో ఒకడు, ఏం తిని వచ్చాడో ఏమో, బంతితో మూడుసార్లు గీత దాటేసి నాకు పాయింట్లు కుప్ప పోశాడు. ముదీర్ నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయాడు. ఓడిపోవడం కూడా చేతకాని మనిషిని లోకంలో నేనొక్కణ్ణే అనుకుంటాను.

పది గంటలకి పిలుపొచ్చింది. వెళ్లాను. టేబుల్ మీద నా కాగితం లేదు. చించేశాడనుకున్నాను.

“నీ కుర్రాళ్లిద్దరినీ ఎందుకు పక్కన పెట్టావు?” అన్నాడు.

“రెస్ట్ సర్.”

“ఎవరికి?”

నాకు ఏడుపొచ్చింది. దాచి లాభం లేదని టోపీ ఫోటోతో సహా ఉన్నదంతా చెప్పేశాను. ఆయన కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు.

“నీ కాగితం మీద గురువారమే సంతకం పెట్టాను. వీసాల పనులు చూసే మందూబ్ తీసుకెళ్లాడు, ఇమ్మిగ్రేషన్‌లో ఇస్తాడు. నువ్వు నన్ను ఓడించావు, సరే. కానీ నన్ను గెలిపిద్దామని చూశావు చూడు, దానికి మాత్రం నాకు కోపంగా ఉంది.”

ఎన్నిసార్లు ‘ఎస్ సర్’ అన్నానో గుర్తులేదు. బయటికొచ్చి స్టోర్సు దాకా పరిగెత్తాను. విషయం విన్న భాయ్ నన్ను ఎత్తుకుని తిప్పి, వెంటనే నడుం పట్టేసిందని కూలబడ్డాడు. గుండెల మీంచి దూలం దింపినట్టుంది ఆ పూట. ఫైనల్లో చిత్తుగా ఓడిపోయాను. అస్సలు బాధ వెయ్యలేదు.

ఫిబ్రవరిలో వాళ్లిద్దరూ దిగారు. ఎత్తుకోబోతే పిల్ల నన్ను చూసి కెవ్వుమంది. నేను ఎవరో దానికి తెలియడానికి పది రోజులు పట్టింది. ఆ వేసవిలో ముదీర్ తన కుర్రాళ్లిద్దరినీ తిరిగి ఇచ్చెయ్యమని అడిగాడు. “సారీ సర్, కుదరదు” అన్నాను. ఆయన పగలబడి నవ్వాడు. ఒక మనిషి సంతకం కోసం బుద్ధిపూర్వకంగా ఓడిపోవాలని చూసిన ఆ కుర్ర టైమ్‌కీపరు మీద నాకిప్పుడు నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. కానీ మళ్లీ ఆ వారమే వస్తే, ఆ టోపీ పిల్ల కోసం, ఆ ముసలివాళ్లిద్దరినే మళ్లీ దింపుతానేమో.